మచ్చ పక్కన మొగ్గ

శనివారం పొద్దున, మర్నాడు చర్చిలో ఇచ్చే ప్రభు సంస్కారపు రసానికి ద్రాక్షపళ్ళు కడుగుతుంటే ఎంకపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మా బాటనీ మేడం పక్కింటి అమ్మాయి. "మీ మేడం పోయిందక్కా. తెల్లారి లేవనే లేవలే" అన్నది. నేను అయ్యో అనలేదు, ఎట్లా అనలేదు. "ఏడ పెడుతున్నరు?" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, అది నా మాట కాదని. పద్దెనిమిదేళ్ళు ఒకే స్టాఫ్ రూంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే జలుబే కాదు, మాటలు కూడా అంటుకుంటాయి.

దేనికైనా ఆమె 'ఏడ' అనే అడిగేది. పిల్లలెవరైనా కడుపునొప్పి, ఇంటికి పోతా మేడం అంటే, "ఏడ? వేలు పెట్టి చూపెట్టు" అనేది. సగం మంది నొప్పి అక్కడే తగ్గిపోయేది. ఫలానా అమ్మాయికి పెళ్ళి కుదిరిందంటే ఎవరితో అని అడగదు, "ఏడ ఉంటరంట?" అంటుంది. ఎవరైనా చనిపోయారంటే, "ఏడ పెట్టిండ్రు?" నాకు మొదట్లో చిరాకుగా ఉండేది. ఒకసారి అడిగేశాను, ఇదేం అలవాటక్కా అని.

"అందరు ఎందుకు ఎందుకు అని తల కొట్టుకుంటరు చెల్లె. ఎందుకన్నదానికి జవాబు దొరుకుతదని నమ్మకం లేదు. ఏడ అంటే మాత్రం వేలు పెట్టి చూపియ్యొచ్చు" అన్నది.

చేవెళ్లలోని మా ఇంటర్ కాలేజీలో ఆమె బాటనీ, నేను జువాలజీ. ఆమెది ఎంకపల్లి, నాది మొయినాబాద్. ఒకటే బస్సు, ఒకటే చర్చి. పొట్టి మనిషి. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. అది ఉన్నట్టు మరచిపోయి స్టాఫ్ రూమంతా పెన్సిల్ కోసం వెతికేది. గడ్డం మీద సుద్దపొడి. చేతిలో గుడ్డసంచి, అందులో పాత కేలెండరు కాగితాల్లో చుట్టిన గాజు పలకలు. వాటిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని బాలింతలా కూర్చునేది. పెళ్ళి చేసుకోలేదు. దాని గురించి ఊరు అడగాల్సినవన్నీ అడిగేసి, విసుగొచ్చి మానేసింది.

ఆమెకు తెలిసిన లోకం అంతా ఈస్టు. పిండి పొంగినా, కల్లు పులిసినా దాని పనే, కంటికి కనపడని ఒంటికణం బతుకు. అది రెండుగా చీలదు. తల్లికణం ఒంటి మీద ఒకచోట చిన్న మొగ్గ వేస్తుంది, మొగ్గ పెరుగుతుంది, తెగి వేరే బతుకు అవుతుంది. ఇది చెప్పేటప్పుడు ఆమె పిడికిలి మూసి, బొటనవేలిని వేళ్ళ మధ్య నుంచి మెల్లగా, చాలా మెల్లగా పైకి నెట్టేది. క్లాసులో అందరూ ఆ బొటనవేలినే చూసేవాళ్ళు. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

"తెగిన కాడ తల్లి మీద గుండ్రంగ ఒక మచ్చ మిగులుతది. మచ్చ ఎన్నటికీ పోదు. తర్వాతి మొగ్గ ఏడ వెయ్యాలె? యాడంటె ఆడ వెయ్యదు. మచ్చ ఉన్న జాగల మాత్రం అస్సలు వెయ్యదు. దానికి కండ్లు లేవు, తలకాయ లేదు. మరి జాగ ఎట్ల గుర్తుపడ్తది?"

ఇదే ఆమె ప్రశ్న. పుస్తకంలోది కాదు, ఆమె సొంతం. పడుచుతనంలో హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో దీని మీదే పరిశోధన మొదలుపెట్టింది. బట్టల్ని తెల్లగా మెరిపించే మందు ఒక చుక్క వేసి, ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే ఆ మచ్చలన్నీ నీలంగా వెలుగుతాయట. "ముసలి తల్లి ఒంటి మీద ఇరవై చిల్లర ఉంటయి చెల్లె. ఒక్కటి మీద ఒక్కటి పడదు. ఒక్కటి గూడ!" అని చెబుతుంటే ఆమె మొహం కూడా కాస్త వెలిగేది. రెండేళ్ళకు వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చింది. ఈమె పరిశోధన వదిలేసి ఊరికి వచ్చేసింది. ఎందుకు మానేశావంటే చెప్పేది కాదు. "ఏడ ఆపినవ్ అని అడుగు, చెప్త" అన్నది. అడిగాను. "పన్నెండో మచ్చ కాడ" అని నవ్వింది. ఆ నవ్వు నాకేమీ బాగనిపించలేదు.

తన మీద తనే వేసుకునే హాస్యం ఒకటుండేది. జతకట్టిన ఈస్టు కణం ఒక మొగ్గ ఈ కొసన వేస్తే ఇంకో మొగ్గ ఆ కొసన వేయగలదట. జతకట్టని ఒంటి కణమైతే పాత మచ్చ పక్కపొంటే వేస్తుందట, అంతకంటే దూరం పోదట. "నన్ను చూడరాదు. పుట్టిన ఇంటి పక్కనే ఇల్లు కట్టుకున్న. నాది ఒంటి కణం కత" అనేది.

ఇప్పుడు కల్లు సంగతి. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను, చెప్పలేకనే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

కాలేజీకి ఈస్టు తెప్పించమంటే ప్యాకెట్లు తెప్పించేవాళ్ళు. ఆమెకు నచ్చేది కాదు. "ప్యాకెట్ల ఉన్నది నిద్రపోతున్నది. కల్లుల ఉన్నది పనిల ఉన్నది. పిల్లలకు పని చూపియ్యాలె గని నిద్ర చూపిస్తమా?" అనేది. కల్లు దుకాణంలోది మందు కలిపిన కల్లు, దాంట్లో ఈస్టు ఏముంటుంది? అందుకని ప్రాక్టికల్ ఉన్న శనివారం పొద్దున్నే తాటిచెట్టు కిందికే పోయి నిలబడేది. గౌడాయన చెట్టు దిగి, ఆమె స్టీలు టిఫిన్ డబ్బాలో నాలుగు గుక్కలంత పోసేవాడు. పెళ్ళికాని ఆడమనిషి, పైగా మందు ముట్టం అని ప్రతి ఆదివారం పాటలు పాడే చర్చి మనిషి, పొద్దున్నే తాటిచెట్టు కింద డబ్బా పట్టుకుని! ఊరికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా చాలాకాలం ఏమీ కాలేదు. ఒక ఎండాకాలం శనివారం బస్సులో డబ్బా మూత ఎగిరిపోయింది. లోపల ఈస్టు పనిలో ఉంది కదా, గాలి పుట్టించింది. టప్‌మని మూత లేచి, కల్లు నురగతో సహా ముందు సీట్లో ఉన్న మా చర్చి స్త్రీల సంఘం ఆవిడ తెల్లచీర మీద పడింది. బస్సంతా వాసన. కండక్టరు అరిచాడు, "కల్లు దాగేదుంటె ఇంట్ల దాగి రావాలె అమ్మా, బస్సుల తీస్తరా?" ఈమె కంగారుగా ఆవిడ చీర తుడవబోయి, ఆ కంగారులోనే "అయ్యో, పూరా పోయిందా? ఏడన్న జర మిగిలిందా?" అని డబ్బాలోకి తొంగిచూసింది. అదీ ఆవిడ చూసింది.

మర్నాటికి చర్చి అంతా పాకింది. ఎవరో మొహం మీదే అడిగితే, "ఏడ తాగంగ చూసిండ్రు? జాగ చెప్పుండ్రి" అన్నది. పుండు మీద కారం. సంఘపెద్దలు కూర్చున్నారు. పెద్దల్లో మా మామ ఒకరు. పాస్టరు అయ్యగారు మంచివారు. నిజం ఏమిటమ్మా అని పిలిచి అడిగారు. "చెప్తె అర్థం కాదు అయ్యగారు. శనివారం కాలేజికి రాండ్రి, చూపిస్త" అన్నది.

ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది, "మీ అత్తమ్మ చేసే సంస్కారపు రసం జర తెస్తవా? చిన్న సీసల?"

మా చర్చికి ద్రాక్షరసం చేసేది మా అత్తమ్మే. అప్పటికింకా ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలి ఉన్నాయి. తోట నుంచి తెచ్చిన నల్లపళ్ళు పిసికి, చక్కెర వేసి, జాడీకి గుడ్డ కట్టి పది రోజులు మూల పెట్టేది. మరగబెట్టేది కాదు. ఎవరైనా ఆ మాటంటే, "ప్రభువు రక్తాన్ని పొయ్యి మీద పెడతరానే?" అని మీద పడేది. పదిరోజుల్లో ఆ రసం ఏమవుతుందో పదో తరగతి చదివిన వాళ్ళకు కూడా తెలుసు. మా అత్తమ్మ చేతి రసంలో అంత మహిమ ఉందని, తాగగానే ఒళ్ళు తేలికవుతుందని అందరూ చెప్పుకునేవాళ్ళు. చుక్క మందు ముట్టని సంఘం మాది!

దగ్గుమందు సీసా కడిగి, అందులో పోసి తెచ్చి ఇచ్చాను. నాకప్పుడు సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. అత్తమ్మ మీద నాకుండే కోపాలు నాకున్నాయి.

శనివారం అయ్యగారు, మామ, ఇంకో పెద్దాయన ల్యాబుకు వచ్చారు. ఆమె రెండు మైక్రోస్కోపులు సిద్ధం చేసి ఉంచింది. పెన్సిల్ ముడిలోనే ఉంది. "ఈ రెండిట్ల కల్లు ఏదో మీరే చూసి చెప్పుండ్రి" అన్నది. మామ కళ్ళద్దాలు తీయకుండా తొంగిచూసి, ఏమీ కనపడక, కనపడినట్టు తలూపాడు. అయ్యగారు మాత్రం చాలాసేపు చూశారు.

"గోళీలున్నయమ్మా. ఒకదాని వీపు మీద చిన్నది... తల్లి, పిల్ల లెక్కున్నది" అన్నారు. మొహంలో నవ్వు. చిన్నపిల్లవాడిలా రెండోదాని దగ్గరికి పోయి చూశారు, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చారు. ఆమె పిడికిలి మూసి బొటనవేలు పైకి నెడుతూ, మచ్చ సంగతి, జాగా సంగతి చెప్పింది. ఆ ఐదు నిమిషాలు అంతా బాగుంది. ఆ ఐదు నిమిషాల దగ్గర ఆమె ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

"ఇగ చెప్పుండ్రి. కల్లు ఏది?"

అయ్యగారు ఎడమవైపుది చూపించారు.

"అది మన ప్రభు బల్ల మీది రసం అయ్యగారు."

ఆమె గెలిచాననే అనుకుంది. రెండూ ఒకటే జీవమని చూపిస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారనుకుంది, పిచ్చిది. ముందు మామ మొహం ఎర్రబడింది. తన భార్య పదిరోజులు ప్రార్థనలు చేస్తూ చేసిన రసాన్ని తెచ్చి కల్లు పక్కన పెట్టింది ఈ మనిషి.

"నీకు ఎవరిచ్చిండ్రు ఇది?" అన్నాడు.

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో ఖాళీ గాజు పలక ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో కూడా. చీర కొంగుతో కటకం తుడుస్తూ, "ఎవలియ్యలే. నేనే తెచ్చుకున్న" అన్నది.

"ఏడికెల్లి?"

ఆమె ప్రశ్న ఆమెకే తిరిగి వచ్చింది.

"గుడిలకెల్లి" అన్నది.

అంతే. కల్లు మాట అక్కడితో చచ్చిపోయింది. దాని బదులు ఇంకా పెద్దది పుట్టింది. గుడిలోంచి, అంటే మా చర్చిలోంచి, సంస్కారపు రసం దొంగిలించిన మనిషి. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునే దాకా ప్రభు బల్లకు రావద్దన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు అయ్యగారి కళ్ళు కిందికే ఉన్నాయి. ఆమె అంతా విని, ఒక్కటే అడిగింది. "ఐతె ఏడ నిలబడాలె?"

జాగా ఆమే చూసుకుంది. నెలకు ఒక ఆదివారం మాకు సంస్కారం. రొట్టె, రసం బల్ల మీద పెట్టగానే లేచి, బయటికి పోయి, తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడేది. అందరం మోకరించి తీసుకుని లేచాక వచ్చి మళ్ళీ తన చోట కూర్చునేది. ఇట్లా పదకొండేళ్ళు. వానొస్తే గొడుగు తెచ్చుకునేది. చేయని దొంగతనం ఒప్పుకోదు. చేసిన మనిషి పేరు చెప్పదు.

ఇంకో మాట. ఆ మరుసటి నెల నుంచే మా అత్తమ్మ రసం మరగబెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ ఎందుకని అడగలేదు. రసం తాగితే ఒళ్ళు తేలికవడం కూడా ఆగిపోయింది. దాన్ని గురించీ ఎవరూ మాట్లాడలేదు.

నాతో ఆమె ఎప్పటిలాగే ఉండేది. అదే నాకు నరకం. తిట్టి ఉంటే ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. టిఫిన్‌లో పచ్చిపులుసు తెస్తే సగం నాకే పోసేది. రిటైరయ్యే ఏడాది ఒకరోజు బస్సులో నా ఫోన్ అడిగి తీసుకుని, ఏదో ఇంగ్లీషు వ్యాసం వెతికి, చాలాసేపు చదివింది. మోకిల వైపు వెంచర్ల బోర్డులు, తోటలున్న చోట ఫామ్‌హౌసుల గోడలు కిటికీలోంచి పోతున్నాయి. తల ఎత్తి అన్నది, "నా సవాలుకు ఎవరో జవాబు చెప్పిండ్రు చెల్లె. ఎప్పుడో చెప్పిండ్రు, నేనే చూడలే. మొగ్గ తెగినంక ఆ జాగల కొన్ని ప్రొటీన్లు మిగులుతయట. అవి పహరా కాస్తయి. ఈడ వద్దు, ఈడ వద్దు అని. తల్లి బతికినన్ని దినాలు కాస్తయట."

"సంతోషమే కదక్కా?"

"సంతోషమే" అని ఫోన్ ఇచ్చేసింది. కిటికీ వైపు తిరిగి, "పహరా అని నేను అనుకోలే. మరిచిపోలేక అట్ల చేస్తదనుకున్న" అన్నది.

"అక్కా, ఆ సీసా సంగతి నేను చెప్పేస్త" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఎప్పుడు?" అన్నది.

ఆమె నోట అట్లాంటప్పుడు 'ఏడ' కాకుండా ఇంకో ప్రశ్న రావడం నాకు తెలిసి అదొక్కసారే. నేను తడబడ్డాను. "అత్తమ్మ బతికి ఉన్నన్ని దినాలు ఎట్లక్కా... అత్తమ్మ పోయినంక" అన్నాను. ఆమె సరే అన్నట్టు తలూపి, గుడ్డసంచి సర్దుకుని మొయినాబాద్ రాకముందే లేచి నిలబడింది.

అత్తమ్మ పోయి మూడేళ్ళయింది. మామ అంతకు ముందే పోయాడు. ఆ మూడేళ్ళలో ఎన్ని సంస్కారాలు వచ్చాయో, అన్నిసార్లూ రసం నేనే చేశాను. అన్నిసార్లూ ఆమె లేచి బయటికి పోవడం చూశాను. వచ్చే నెల చెబుదాం అనుకున్నాను. ఎందుకు చెప్పలేదంటే నా దగ్గర జవాబు లేదు. ఆమె అన్నట్టు ఎందుకన్నదానికి జవాబు దొరకదు. ఏడ ఆగిపోయిందంటే మాత్రం చెప్పగలను. నాలుక కొసన.

శనివారం సాయంత్రం నాలుగింటికి ఎంకపల్లిలోనే, వాళ్ళమ్మ సమాధి పక్కన పెట్టారు. పక్కపొంటే. గోడ అవతల కొత్త వెంచర్ వాళ్ళ మట్టిలారీలు తిరుగుతున్నాయి, దుమ్ము వచ్చి పూల మీద పడుతోంది. ఇప్పుడున్న అయ్యగారు కుర్రవాడు, వచ్చి రెండేళ్ళయింది. ప్రార్థన అయ్యాక, "ఈ అమ్మ గురించి ఎవరన్న రెండు మాటలు చెప్తరా?" అని అడిగారు.

నేను ముందుకు వచ్చాను. "ఆ సీసా నేనే ఇచ్చిన" అన్నాను. "అక్క గుడిల దొంగతనం చెయ్యలే. మా అత్తమ్మ జాడీలకెల్లి నేనే తీసి ఇచ్చిన. అక్క నా పేరు చెప్పలే. నేను గూడ చెప్పలే."

పదకొండేళ్ళు మోసిన మాట. మీద పిడుగు పడుతుందనుకున్నాను.

అయ్యగారు అయోమయంగా చూశారు. "ఏ సీసా అక్కా?" అన్నారు.

చుట్టూ చూశాను. సగం మంది ఈ నాలుగైదేళ్ళలో వచ్చినవాళ్ళే. పాతవాళ్ళలో ఒక పెద్దాయన నుదురు రుద్దుకుని, "అదా... కల్లుదేదో అప్పట్ల లొల్లయింది గద? అది ఎన్నటి ముచ్చట బిడ్డా, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఎవరికీ గుర్తులేదు. ఎవరూ ఆమెను బల్లకు రాకుండా ఆపడం లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆపడం లేదు.

అయ్యగారు నన్ను పక్కకు తీసుకుపోయి నీళ్ళ సీసా ఇచ్చారు. ఆయనే మెల్లగా అన్నారు, "నేను వచ్చిన కొత్తల అమ్మను అడిగిన అక్కా. బల్లకు ఎందుకు రారమ్మా, మిమ్ముల ఎవరాపుతున్నరు అని. 'ఒకామె నాకు ఒక మాట ఇచ్చింది అయ్యగారు. ఆమె చెప్పినంక ఇద్దరం కలిసి వస్తం' అన్నది. ఆమె ఎవరో మీకేమన్న తెలుసా?"

ఇంటికి వచ్చి, పొద్దున కడిగి వదిలేసిన ద్రాక్షపళ్ళు పొయ్యి మీద పెట్టాను. బాగా మరిగించాను. వడకట్టి సీసాలో పోశాను.

ఆదివారం బల్ల మీద రసం పెట్టి, అందరూ మోకరిస్తుంటే నేను లేచి బయటికి వచ్చాను. తలుపు పక్కన ఆమె ఆనుకునే చోట గోడకు సున్నం అరిగిపోయి, భుజమంత మేర నున్నగా ఉంది. అక్కడ నిలబడబోయాను. నావల్ల కాలేదు. దాని పక్కన నిలబడ్డాను. లోపల అయ్యగారు, "ఇంకా ఎవరన్న ఉన్నరా?" అని అడిగారు. ఎవరూ లేరన్నారు.